పొలంలో పోసింది బోరులోకి దిగేదాకా

పోయిన ఎండాకాలం దేవరకొండ దిక్కు మా కాక చెలకకు పోయాను. గెట్టు పక్కన మూడు నల్లటి కుప్పలు పోసి ఉన్నాయి. దగ్గరికి పోతే మోరీ వాసన, దాని వెనకాల మందుల దుకాణంలో వచ్చేలాంటి ఇంకేదో వాసన.

"ఏంది కాకా ఇది?"

"ఎరువట."

"ఎవరు పోసిండ్రు?"

"పట్నం దిక్కునుంచి టిప్పర్లల్ల తెచ్చిండ్రు. పైస అడగలే. కిరాయి గూడ వాళ్లదే. చెలక బలుస్తదని చెప్పిండ్రు."

కాగితం ఏమైనా ఇచ్చారా అంటే కాక నవ్వాడు. పెంటకు కాగితమేంది అన్నాడు. ఆ కుప్పలో ఏముందో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. కానీ కుప్పలు పోసిన చోటు నుంచి పల్లంలోకి నలభై అడుగులు వేస్తే బోరు. పత్తి కూలీలు తాగేది, బర్లు తాగేది ఆ నీళ్లే.

ఆ 'ఎరువట'లో ఉన్న 'అట' నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒక పదార్థం ఎరువు ఎప్పుడు అవుతుంది, వ్యర్థం ఎప్పుడు అవుతుంది, ఎవరు చెప్పాలి, తాగునీటికి దాంతో సంబంధం ఏమిటి? ఈ చిక్కుముడిని నాకు అర్థమైనంత వరకు విప్పి చెప్తాను.

ఊరికే ఎందుకు ఇస్తారు?

ముందు రైతు వైపు నుంచి చూద్దాం. మన దక్షిణ తెలంగాణ ఎర్ర చెలకల్లో సేంద్రియ కర్బనం తక్కువ. ఇంటింటికీ పశువులు ఉన్న రోజుల్లో ఏటా పెంట తోలేవాళ్లు. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు పోయాయి, ఎడ్లతో పెంటకుప్పలు కూడా పోయాయి. ఇప్పుడు కోళ్ల ఎరువు కొనాలన్నా ట్రాలీకి వేలల్లో పెట్టాలి. అలాంటప్పుడు ఊరికే వచ్చే నల్ల మట్టిని వద్దనడం ఎవరి తరం? మా కాకను తప్పు పట్టే హక్కు నాకు లేదు.

ఇచ్చేవాడి లెక్క వేరు. హైదరాబాద్ అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగునీటిని శుద్ధి చేయగల ప్లాంటు ఉంది, నాగోలులో 172 మిలియన్ లీటర్లది. నీళ్లు శుభ్రమవుతాయంటే నీళ్లలోని మురికి మాయమవుతుందని కాదు. అడుగున మడ్డిగా మిగులుతుంది. అధికారులు, ఇంజనీర్లు దాన్నే స్లడ్జ్ అంటారు. సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే బండిదీ అదే సమస్య, కోళ్ల ఫారాలదీ అదే, ఇథనాల్ ఫ్యాక్టరీలదీ అదే. ప్రతిదానికీ రోజూ ఎక్కడో ఒకచోట దించాల్సిన బరువు ఒకటి ఉంటుంది. సరైన చోట దించాలంటే ఖర్చు. పొలంలో దించితే ఖర్చు డీజిల్ వరకే. కాబట్టి ఉచితంగా ఎరువు వచ్చినప్పుడు ఎవరు ఎవరికి మేలు చేస్తున్నారన్నది ఒకసారి ఆలోచించుకోవాల్సిందే.

ఇలాంటివన్నీ విషమేనని నేను అనడం లేదు. బాగా మాగిన మడ్డిలో నత్రజని, భాస్వరం ఉంటాయి, నేలకు పనికొస్తాయి. అమెరికా, ఐరోపా దేశాల్లో దశాబ్దాలుగా పొలాల్లో వేస్తున్నారు. అయితే అక్కడ ఎంత వేయాలో, ఎక్కడ వేయొద్దో, ఎప్పుడు వేయొద్దో రాసిపెట్టారు. ఐరోపా 1986లోనే దీనికి విడిగా చట్టం చేసింది, అమెరికా 1993లో. ఇంత చేసినా కొన్ని విషయాలు వాళ్లకు ఆలస్యంగానే తెలిశాయి. నాన్‌స్టిక్ పూతల్లో, మంటలార్పే నురుగుల్లో వాడే, ఎన్నేళ్లకూ నశించని పీఫాస్ రసాయనాలు మడ్డి ద్వారా పొలాల్లోకి, బావుల్లోకి చేరాయని తేలాక అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2022లో పొలాల్లో మడ్డి వేయడాన్నే నిషేధించింది.

పేరు మారితే చట్టం మారుతుంది

మన దగ్గర చట్టాలు లేవని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలా ఉన్నాయి. సమస్య ఏమిటంటే అవి పదార్థం పేరును పట్టుకుని నడుస్తాయి.

నగరం చెత్తతో చేసిన కంపోస్టును సంచుల్లో నింపి 'సిటీ కంపోస్ట్' అని అమ్మితే 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్తిస్తుంది. కిలోకు కాడ్మియం 5 మి.గ్రా., సీసం 100, క్రోమియం 50, పాదరసం 0.15 దాటొద్దని అందులో ఉంది. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనూ ఇవే అంకెలు పెట్టి, ఇవి దాటిన కంపోస్టును తిండి పంటలకు వాడొద్దని రాశారు. అదే పదార్థం ఫ్యాక్టరీ ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) నుంచి వచ్చి ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంటే, 2016 నాటి ఇంకో నిబంధనల పుస్తకం తెరవాలి. అప్పుడు అనుమతి కావాలి, ప్రతి లోడుకూ కాగితం కావాలి. ద్రవరూపంలో పొలానికి పారిస్తే పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో సాగునీటి ప్రమాణం ఉంది, లీటరుకు బీఓడీ (నీళ్లలోని మురికి కుళ్లడానికి పట్టే ఆక్సిజన్) 100 మి.గ్రా. దాటొద్దని. థర్మల్ బూడిద అయితే 2021 డిసెంబరు 31 నోటిఫికేషన్ చూడాలి. వ్యవసాయంలో వాడొచ్చు, కానీ మట్టి పరీక్ష చేసి అదుపులో వాడాలంటుంది అది. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు వచ్చాక ఈ ముక్క నల్లగొండ జిల్లాకు పుస్తకంలో మాట కాకుండా పోయింది. కోళ్ల ఫారాలకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు మళ్లీ వేరు.

ఇప్పుడు కాక గెట్టు మీది కుప్ప దగ్గరికి రండి. అది సంచిలో లేదు, అమ్మలేదు, కాబట్టి ఎరువుల ఇన్‌స్పెక్టర్ దానివైపు చూడడు. ప్రమాదకరమని ఎవరూ రాయలేదు, కాబట్టి ఆ కాగితాలు లేవు. పారే నీరు కాదు, కాబట్టి బీఓడీ లెక్క లేదు. ఇన్ని చట్టాల మధ్య సందు ఉంది, టిప్పర్ పట్టేంత వెడల్పుగా.

1974 నీటి చట్టం ఉంది కదా అంటారు. ఉంది. అందులోని 24వ సెక్షన్ కలుషిత పదార్థాన్ని వాగులోకో బావిలోకో మాత్రమే కాదు, నేల మీదికి తెలిసి వదలడాన్ని కూడా నిషేధిస్తుంది. ఆ చట్టం లెక్కలో వాగు అంటే భూమి లోపలి నీళ్లు కూడా. చదివితే ప్రాణం లేచొస్తుంది. కానీ అదే వాక్యంలో ఒక మెలిక ఉంది: ఏది కలుషితం అన్నది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణాలను బట్టి తేల్చాలి. ఎకరానికి ఇంత దాటితే కలుషితం అన్న ప్రమాణమే లేనప్పుడు, తెలిసి చేశాడని నిరూపించేదెట్లా?

ఉన్న ప్రమాణాల్లోనూ ఒక లోపం ఉంది. మనం కిలోకు ఎన్ని మిల్లీగ్రాములని కొలుస్తాం, ఎకరాకు ఎన్ని కిలోలని కొలవం. జింక్‌కు పరిమితి కిలోకు 1,000 మి.గ్రా. అంటే పరీక్షలో పాసైన కంపోస్టే అయినా 10 టన్నులు వేస్తే 10 కిలోల జింక్ నేలలోకి పోయినట్టు. ఏటా వేస్తే ఏటా 10 కిలోలు. లోహం కుళ్లదు, ఆవిరి కాదు. పంట తీసుకుపోయేది కొంచెమే. అందుకే ఐరోపా ఏడాదికి హెక్టారుకు ఎంత, అమెరికా ఆ పొలం జీవితకాలంలో మొత్తం ఎంత అన్నది కూడా రాసుకున్నాయి. మన సంచి మీది అంకె పొలాన్ని గుర్తుపెట్టుకోదు.

కింద ఉన్నది ఇసుక కాదు

ఇప్పటిదాకా చెప్పింది పదార్థం సంగతి. నా దృష్టిలో అసలు విషయం దాని కింద ఉంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైట్, నీస్ రాయి. పైన అడుగో రెండడుగులో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. బండలో అక్కడక్కడ పగుళ్లు. మన బోర్లలో నీళ్లు ఉండేది ఆ పగుళ్లలోనే. బోరు వేయించిన ప్రతివాడికీ ఇది అనుభవమే: ఒకచోట 150 అడుగులకే నీళ్లు దూకుతాయి, పది గజాల అవతల 400 అడుగులు పోయినా దుమ్మే లేస్తుంది. పగులు తగలడం, తగలకపోవడం అంతే.

ఇసుక నేలలో నీళ్లు మెల్లగా దిగుతాయి. దారిలో రేణువుల మధ్య సూక్ష్మజీవులు చిక్కుకుంటాయి, చచ్చిపోతాయి. జర్మనీ, ఇంగ్లండ్ లాంటి చోట్ల తాగునీటి బావి చుట్టూ లోపలి రక్షణ మండలాన్ని 50 రోజుల ప్రయాణంతో గీస్తారు. నేలలో దిగిన చుక్క బావిని చేరడానికి 50 రోజులు పట్టే గీత అది, ఆలోపు రోగక్రిములు చాలావరకు చస్తాయన్న లెక్కతో. మన బండ పగుల్లో ఆ లెక్క తప్పుతుంది. పగులు పైకి తెరుచుకుని ఉంటే, మీద మొరం పలచగా ఉంటే, పెద్దవాన పడిన రోజు నీళ్లు వడపోత లేకుండా కిందికి జారతాయి. ఇసుకలో రోజులు పట్టే దూరానికి ఇక్కడ గంటలు చాలు.

దీనికి తోడు మన చేతులతో మనం తెరిచిపెట్టిన దారులు. బోరుకు కేసింగ్ మొరం దాకా దించి వదిలేస్తాం. కేసింగ్ పైపుకు, మట్టికి మధ్య సందును సిమెంటుతో మూయించినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. వాన నీళ్లు ఆ పైపు పక్క నుంచే కిందికి పోతాయి. ఎండిపోయిన పాత బాయిలను చెత్తకుండీలు చేసుకున్నాం. ఇక ఇంకుడు గుంతలు. బోరు పక్కన గుంత తవ్వి కంకర నింపితే నీళ్లు ఇంకుతాయని ఊరూరా చెప్పాం, మంచి పనే. కానీ ఎగువన కోళ్ల ఎరువు కుప్ప ఉంటే ఆ గుంత గరాటా అవుతుంది. దాన్ని తవ్విన చోటుకు పైభాగాన ఏం పోస్తున్నారో చూసుకోమని చెప్పిన పోస్టర్ మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. మన దిక్కు ఏడాదికి 600 మి.మీ. వాన అనుకుందాం. అందులో పదో వంతు, అంటే 60 మి.మీ. భూమిలోకి ఇంకుతుందనుకుందాం. ఎకరానికి అది సుమారు 2 లక్షల 43 వేల లీటర్లు. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మి.గ్రా. దాటొద్దని మన ప్రమాణం. ఆ నీళ్లన్నీ సరిగ్గా ఆ హద్దుకు చేరాలంటే ఎంత నైట్రేట్ కావాలి? దాదాపు 11 కిలోలు. నత్రజని రూపంలో చెప్పాలంటే రెండున్నర కిలోలు. అంతే.

కోళ్ల ఎరువు టన్నులో 20 నుంచి 30 కిలోల నత్రజని ఉంటుంది. ట్రాలీకి 3 టన్నులు వేసుకుంటే, మూడు ట్రాలీలు తోలిన ఎకరంలో 180 నుంచి 270 కిలోలు. పంట తీసుకున్నది తీసుకోగా, గాలిలో కలిసింది కలవగా, అందులో నూటికి ఒకటి రెండు వంతులు కిందికి జారినా ఆ ఎకరం కింది నీళ్లు హద్దు దాటుతాయి. ఐరోపా 1991 నుంచి పశువుల ఎరువుకు పెట్టుకున్న హద్దు హెక్టారుకు 170 కిలోల నత్రజని, మన లెక్కలో ఎకరాకు 69 కిలోలు. అంటే సుమారు ఒక్క ట్రాలీ. వాన ఎక్కువ పడే దేశాలు పెట్టుకున్న హద్దు అది. అక్కడ కిందికి దిగే నీళ్లు ఎక్కువ కాబట్టి కొంత పలచనవుతుంది. మన దగ్గర ఇంకే నీళ్లు తక్కువ కాబట్టి చిక్కనవుతుంది. పసిపిల్లల పాలలో నైట్రేట్ ఎక్కువున్న నీళ్లు కలిపితే రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారుతుంది. నీళ్లు కాచితే నైట్రేట్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఇక ఫ్లోరైడ్. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వంగిపోయిన నడుములను చూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్ నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారంటే, మన జిల్లా పేరు ప్రపంచానికి ఏ కారణంగా చేరిందో అర్థమవుతుంది. ఆ ఫ్లోరైడ్ రాతిలోనిది, ఎరువు తెచ్చింది కాదు. కానీ రాయి దాన్ని ఎంత వదులుతుందన్నది నీటి గుణాన్ని బట్టి ఉంటుంది. నీళ్లలో కాల్షియం ఉన్నంత సేపు ఫ్లోరైడ్ కొంత అదుపులో ఉంటుంది. బైకార్బనేట్ పెరిగితే కాల్షియం సున్నపు గరుసుగా పేరుకుని నీళ్లలోంచి తప్పుకుంటుంది, ఫ్లోరైడ్‌కు పగ్గం పోతుంది. నేలలో సేంద్రియ పదార్థం కుళ్లితే పుట్టే కార్బన్ డయాక్సైడ్ బైకార్బనేట్‌ను పెంచేదే. ప్రతి పెంటకుప్పా ఫ్లోరైడ్ పెంచుతుందని దీని అర్థం కాదు. ఇక్కడి నేల మీద ఏదైనా టన్నులకొద్దీ వేసేముందు చాలా జిల్లాల వాళ్లకు లేని ఒక ప్రశ్న మనకు ఉంది, అంతే.

ఐదో నంబరు బావి

ఈ మొత్తం విషయంలో నాకు కళ్లు తెరిపించింది కెనడాలో ఒక ఊరి కథ. ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్, జనాభా ఐదు వేలు. మన మండల కేంద్రం అంత. 2000 మే నెలలో వారం రోజుల లోపు కుండపోత వానలు. తర్వాత ఊరంతా రక్త విరేచనాలు. సుమారు 2,300 మంది జబ్బు పడ్డారు, ఏడుగురు చనిపోయారు.

విచారణలో తేలింది ఏమిటంటే, ఊరికి నీళ్లిచ్చే ఐదో నంబరు బావి లోతు తక్కువది, పగుళ్ల రాతిలో ఉన్నది. దాని పక్క పొలంలో ఒక రైతు ఏప్రిల్‌లో పశువుల పెంట వేశాడు. వానకు అందులోని ఈ-కోలై అనే రోగక్రిమి బావిలోకి దిగింది. క్లోరిన్ కలపాల్సినవాళ్లు సరిగా కలపలేదు, రికార్డులు తప్పుగా రాశారు. ఆ నిర్లక్ష్యం గురించి అందరూ మాట్లాడారు. నాకు ముఖ్యమనిపించింది వేరే ముక్క: ఆ రైతు తప్పు చేయలేదని విచారణ కమిషన్ స్పష్టంగా చెప్పింది. ఆయన వేసింది ఫ్యాక్టరీ మడ్డి కాదు, మామూలు పెంట. వేసిన పద్ధతీ సరైనదే. చోటు ఒక్కటే తప్పు, ఆ చోటు ప్రమాదమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఒంటారియో 2006లో చేసిన శుద్ధ జల చట్టం దారి మార్చింది. ముందు బావిని చూస్తుంది, ఆ తర్వాతే పదార్థాన్ని. ప్రతి ప్రభుత్వ తాగునీటి బావి చుట్టూ 100 మీటర్ల వలయం, దాని బయట రెండేళ్లలో నీళ్లు బావిని చేరే ప్రాంతం, ఆ తర్వాత ఐదేళ్లది, ఇరవై ఐదేళ్లది గీశారు. రాతి గుణాన్ని బట్టి ప్రతి ముక్కకూ ప్రమాదపు మార్కులు వేశారు. పొలానికి బయటి నుంచి వచ్చే మడ్డి లాంటివాటికి అక్కడ విడిగా పేరుంది, తరగతులున్నాయి. ఏ తరగతిది ఏ వలయంలో వేయొచ్చో, వేయొద్దో పటమే చెప్తుంది.

మన 250 మీటర్లు

మనకు అలాంటి ఆలోచనే లేదా అంటే, సగం ఉంది. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రభుత్వ తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల ఇంకొకరు అనుమతి లేకుండా బోరు వేయకూడదు. అంటే ఊరి నీళ్లను పక్కవాడు తోడుకుపోతాడన్న భయానికి మనం ఒక గీత గీశాం. అదే 250 మీటర్లలో ఎవడైనా పది ట్రాలీల మడ్డి పోస్తే? భూగర్భ జలాన్ని ఎవరూ కలుషితం చేయరాదన్న మాట ఆ చట్టంలోనూ ఉంది. మీటర్లు మాత్రం లేవు. కోళ్ల ఫారం షెడ్డుకు తాగునీటి వనరు నుంచి 100 మీటర్ల దూరం ఉండాలని మార్గదర్శకాలు చెప్తాయి. ఆ షెడ్డులోంచి తీసిన ఎరువు వేసే పొలానికి అలాంటి దూరం అడిగేవాడు లేడు. ఇంగ్లండ్‌లో రైతు ఎరువు వేసేటప్పుడు బావికి, ఊటకు 50 మీటర్లు, కాలువకు 10 మీటర్లు వదలాలి.

అందుకని నన్నడిగితే కొత్తగా పెద్ద చట్టం రాయడం కంటే వాల్టా గీతనే రెండో పనికి కూడా వాడాలి. ఆ గీత లోపల బయటినుంచి వచ్చిన మడ్డి, సెప్టిక్ ట్యాంకు మాల్, పచ్చి కోళ్ల ఎరువు వద్దు. గీత బయట అయితే లోడుతోపాటు పరీక్ష కాగితం, సర్వే నంబరు, ఎన్ని టన్నులు, ఏ తారీఖు అన్నది ఒక రిజిస్టరులో ఎక్కాలి. ఐదు వేల ఎకరాలకు ఒక ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) ఉన్న రాష్ట్రం మనది, రైతు వేదికలూ ఉన్నాయి. పంట ఏం వేశారని నమోదు చేసేవాళ్లు, పొలంలో ఏం పోశారన్నది కూడా ఆ కాగితంలోనే రాయొచ్చు. వాళ్లకు ఇప్పటికే పని ఎక్కువన్నది నిజమే, అయినా ఊళ్లో ఏ టిప్పర్ ఎక్కడికి పోయిందో ముందు తెలిసేది వాళ్లకే.

పరీక్ష కాగితం మీద నాకు పూర్తి నమ్మకం లేదని కూడా చెప్పాలి. జాబితాలో ఎనిమిది లోహాలు ఉంటే ఎనిమిదికే జవాబు వస్తుంది. పీఫాస్ అడగం, కోళ్లకిచ్చిన యాంటీబయాటిక్ మిగిలిందా అని అడగం. అడగనివాటి ముందు దూరమే దిక్కు.

కాలం సంగతి ఇంకా తేలిక, ఇంకా నిర్లక్ష్యమైనది. మన దగ్గర ఎరువు తోలేది ఏప్రిల్, మే నెలల్లో, పొలం ఖాళీగా ఉంటుంది కాబట్టి. కుప్పలుగా వదిలేస్తాం. మృగశిర వానలకు పంట వేరు ఇంకా పుట్టలేదు, నత్రజనిని పట్టుకునేవాళ్లు లేరు. తొలి రెండు వానల్లో పోయేదే ఎక్కువ. చల్లిన ఎరువు కన్నా కుప్పగా వదిలిన ఎరువుతోనే భయం, ఎందుకంటే మొత్తం రసం ఒక్కచోట దిగుతుంది.

ఇదంతా విని మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి కదా, బోరుతో పనేంది అనేవాళ్లున్నారు. మా ఊళ్లోనూ నల్లా వస్తుంది, ఆ నీళ్లు మంచివే. మరి ఊళ్లో ఇరవై లీటర్ల క్యాన్లు నింపే వాటర్ ప్లాంటు తోడేది ఏ నీళ్లు? బోరువే. పొలంలో కూలీలు తాగేవి బోరువే, పాలిచ్చే బర్రె తాగేవి బోరువే. నల్లా నాలుగు రోజులు ఆగితే మళ్లీ అందరం చేతిపంపు దగ్గరే. పైగా నల్లాలో వచ్చేది కూడా ఎక్కడో ఒక జలాశయంలో నిలిచిన నీరే. ఉదయసముద్రం, రామన్‌పాడు, అక్కంపల్లి, వీటి చుట్టూ ఉన్న పొలాల మీద పడ్డ వాన ఎటు పారుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

జూన్ మొదటి వారంలో కాకకు ఫోన్ చేసి కుప్పలు ఏమయ్యాయని అడిగాను. రెండు చల్లేశాడట. మూడోదాని మీద తాడ్పత్రి కప్పి రాళ్లు పెట్టాడట. బోరు నీళ్లు సీసాలో పట్టి ఉంచమన్నాను, పరీక్షకు ఇద్దామని. "వాన వడకముందు ఒకటి, వడ్డంక ఒకటి పట్టాలె గదా?" అన్నాడు. నేను చెప్పకముందే.